ఎస్తేర్‌కి తలంటిన ఆదివారం

ఆంగ్ మో కియో,
ఆదివారం సాయంత్రం

ప్రియమైన అక్కకి,

హారిక నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, బెంగపడకు. అక్కడ నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. మీ అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నాడికి జ్వరమన్నావు, ఇప్పుడు అన్నం తింటున్నాడా? ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. ఫోన్‌లో నన్నెక్కడ మాట్లాడనిస్తావు? నేను నోరు తెరిచేసరికి "ఉండవే, కస్టమరొచ్చింది" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఇది చివరిదాకా చదివి అప్పుడు అరుద్దువుగాని.

ముందు ఒక పని చెయ్యి. నీ పార్లర్‌లో అద్దం పక్కన అంటించిన ఎస్తేర్ ఫోటో వెంటనే తీసెయ్యి. "సింగపూర్‌లో మా చెల్లి చేసిన స్ట్రెయిటెనింగ్" అని కింద రాశావట కూడా. బావ చెప్తే నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఫోటో నీకు పంపింది నేనే, కాదనను. అది పని అయిన గంటకి తీసింది. ఆ తర్వాత జరిగింది నీకు సగమే చెప్పాను.

ఎస్తేర్ నాతో ఈ ఫ్లాట్‌లో ఉండే కెన్యా అమ్మాయి. మా పక్క ల్యాబ్‌లోనే పని చేస్తుంది. నేను వచ్చిన కొత్తలో, పలకరించే దిక్కు లేని రోజుల్లో, హాకర్ సెంటర్‌లో, అదే ఇక్కడి తిండి దుకాణాల దగ్గర, టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి సీటు ఆపుకోవాలని చెప్పింది ఆమే. నాకు జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చింది. ఇక్కడ రోజూ మధ్యాహ్నం వాన, వాన వెలవగానే ఉక్క. ఆ చప్పిడి కూరలు, ఆ ఏసీ చలి, అన్నీ భరించానంటే ఇంటికొస్తే ఆమె ఉంటుందనే.

ఆమె జుట్టు పుట్టుకతో బిగుతైన చుట్టలు చుట్టలుగా ఉంటుంది. రిలాక్సర్ అనే మందు పెట్టి సాఫు చేసుకుంటుంది. మొదళ్ల దగ్గర వచ్చే కొత్త జుట్టు మళ్లీ చుట్టలుగానే వస్తుంది కాబట్టి, రెండు మూడు నెలలకోసారి ఆ మొదళ్ల వరకే మళ్లీ మందు పెట్టాలి. కొత్తదీ పాతదీ కలిసే చోట వెంట్రుక బలహీనంగా ఉంటుంది, మొరటుగా దువ్వితే అక్కడే తెగిపోతుంది. ఊళ్లో ఈ పని వాళ్లమ్మ చేసేది. భుజాలు దాటేలా పెంచడానికి నాలుగేళ్లు పట్టిందట.

ఇంటర్వ్యూ ఉందని, ఈసారి ఇక్కడే చేయించుకోవాలని చూసింది. మా బ్లాకు కిందే మూడు సెలూన్లున్నాయి. ముగ్గురూ పొద్దస్తమానం జుట్టు సాఫు చేసే పనిలోనే ఉంటారు. ఎస్తేర్ తల చూడగానే మాత్రం ఇద్దరు తల అడ్డంగా ఊపారు. మూడో షాపు ఆంటీ "కెనాట్ లా, దిస్ కైండ్ ఐ స్కేర్డ్" అంది, ఇలాంటి జుట్టంటే భయం, నావల్ల కాదన్నట్టు చేతులు వెనక్కి పెట్టుకుని. నాకు ఒళ్లు మండింది. "మా అక్కకి పార్లర్ ఉంది, దాని పక్కన నిలబడి అన్నీ నేర్చుకున్నాను, పద, నేను చేస్తాను" అని ఎస్తేర్‌ని లాక్కొచ్చాను.

అప్పుడే నీకు ఫోన్ చేశాను. "ముందు శుభ్రంగా తలంటి పొయ్యవే, జిడ్డుంటే మందు పట్టదు" అన్నావు. నువ్వు పంపిన కుంకుడుకాయలే కొట్టి, వేణ్ణీళ్లలో నానబెట్టి, రసం తీశాను. పండగపూట పిల్లలకి పోసినట్టు గోళ్లతో బరబరా రుద్ది మరీ తలంటాను. ఆరాక మందు పెట్టాను. అయిదు నిమిషాలకే "మండుతోంది" అంది. "మండితేనే పని చేస్తున్నట్టు, కాస్త ఓర్చుకో" అన్నాను. అది నువ్వు పెళ్లికూతుళ్లకి చెప్పే మాటే.

తల మీద సహజంగా ఉండే జిడ్డే ఆ మందు నుంచి చర్మాన్ని కాపాడుతుందట అక్కా. అందుకే వాళ్లు ముందు కొన్ని రోజులు తల కడగరు, గోకను కూడా గోకరు, పైగా వాజెలిన్ రాస్తారు. మనం ఆ జిడ్డంతా కడిగి, గోళ్లతో గీరి, దాని మీద మందు పూశాం. తలంతా పుండ్లు. ఎడమ చెవి పైన అరచేతి మేర జుట్టు తెగిపోయింది. పాపం, తలకి గుడ్డ కట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లింది. నాతో పోట్లాడితే బాగుండేది. పోట్లాడలేదు. "థాంక్యూ", "సారీ" అంటూ పరాయిదానితో మాట్లాడినట్టు మాట్లాడుతోంది. నా ఎదురుగా తల దువ్వుకోవడం కూడా మానేసింది.

నీకు చెప్తే నువ్వేమన్నావు? "వాళ్ల జుట్టే మొండిది, నీ తప్పేముంది" అన్నావు. నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మొండిది కాదక్కా, మన జుట్టు కంటే సున్నితం. ఆ మాట ఇంకెవరి దగ్గరా అనకు.

సరే, ఇంతసేపూ నీ మీద ఎగిరాను. నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఎస్తేర్ వద్దంది. తల మీద చెంబుడు నీళ్లు పడకముందే "హారికా, మేము ముందు కడగం. అమ్మ ఒప్పుకోదు" అంది. "మా అక్క ఈ పనిలోనే ఉంది, నువ్వు మాట్లాడకుండా కూచో" అన్నాను నేను. ఆ సెలూన్ ఆంటీ తనకి చేతకాదని ఒప్పుకుంది. నేను అదీ చెయ్యలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పోయిన ఆదివారం వాళ్లమ్మ వీడియో కాల్‌లో ఆ గుడ్డ తీయించింది. నేను వంటగదిలో తోటకూర ఏరుతున్నాను. "ఎవరు చేశారిది?" అని ఆవిడ అరిచిన అరుపు నాకు వినిపించింది. "నేనే చేసుకున్నానమ్మా" అంది ఎస్తేర్. నేను నోరు మెదపలేదు.

ఈరోజు పొద్దున ఆవిడ మళ్లీ ఫోన్ చేస్తే నేనే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "ఆంటీ, నేను చేశాను. మీ అమ్మాయి వద్దని చెప్పింది, నేను వినలేదు" అన్నాను. ఆవిడ తిడుతుందనుకున్నాను. "దువ్వెన తెచ్చుకో, నేను చెప్తాను. ముందు దాన్ని అడుగు" అంది.

అడిగాను. ఎస్తేర్ తలకి కట్టిన గుడ్డ విప్పింది. తర్వాత పీట లాక్కుని నాకు వీపు తిప్పి కూర్చుంది. "చివర్ల నుంచి మొదలుపెట్టు. పైన జుట్టు పట్టుకో, మొదళ్లు లాగకూడదు" అని ఆవిడ చెప్తూనే ఉంది. పాయ పాయగా గంట పట్టింది. మధ్యలో రెండుసార్లు ఎస్తేర్ చెయ్యెత్తి "ఆగు" అంది. రెండుసార్లూ ఆగాను.

పుండ్లు పూర్తిగా మానాక అక్కడ ఆముదం రాయమంది ఆవిడ. గానుగ ఆముదం ఒక సీసా పంపు, మూత గట్టిగా బిగించు. నీ మూలికలూ సెంట్లూ అందులో ఏమీ కలపకు, దణ్ణం పెడతాను. మీ అత్తయ్యగారికి, బావకి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. పెద్దదానివి, తిట్టాలనిపిస్తే తిట్టు, తిట్టాక దీవించు. ఎస్తేర్ జుట్టు మళ్లీ రావాలని కూడా దణ్ణం పెట్టుకో.

ఇట్లు,
నీ చెల్లెలు
హారిక