మామయ్య పెరట్లో తూము

మట్టిలో బతుకుతున్న మా మేనకోడలికి,

కత్తెర వదిలి పలుగు పట్టిన మామయ్య ఆశీస్సులు. ఫోన్‌లో అయితే మధ్యలో అడ్డుపడతావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను, చివరిదాకా చదువు.

కాలు విరిగిన మీ అత్తయ్యకు ఆసుపత్రిలో స్నానం చేయించడానికి ఇద్దరు నర్సులు పట్టుకుంటున్నారు. నిన్న నేను వెళ్తే గోడవైపు తిరిగి ఏడ్చింది. "నా ఒంటిమీద నీళ్లు నేను పోసుకోలేని బతుకూ ఒక బతుకేనా?" అంది. మన స్నానాలగదేమో పెరటి చివర, మెట్లు దిగాక. అందుకే ఆవిడ ఇంటికొచ్చేలోగా పడకగదికి ఆనుకుని కొత్తది కట్టాలని నేనే దిగాను. జన్మంతా చొక్కాలు కుట్టినవాడికి నాలుగు గోడలెంత పని?

మోకాలి లోతు తవ్వేసరికి ఇటుకల తూము ఒకటి బయటపడింది. దాని అతుకులు నా కుట్టుకంటే సన్నం. చూస్తే నాకు కాస్త కుళ్లు కూడా పుట్టింది. నీ ఉద్యోగమే పాత సామానుతో కదా, ఇదేంటో చెప్పు.

ఒళ్లంతా బురదతో,
మీ మామయ్య

తా.క. టేపు పెట్టి కొలిచాను. భుజాల దగ్గర సరిపోయింది, నడుము దగ్గర కాస్త లూజు.

* * *

ఊరందరి కొలతలూ తెలిసి తన హద్దు తెలియని మామయ్యకు,

నమస్కారాలు. అది వేల ఏళ్ల నాటి తూము కావచ్చు. మనకంటే ముందు ఇక్కడొక పట్నం ఉండేది. వాళ్ల రాజెవరో తెలియదు, వాళ్ల రాత చదవడం రాదు. కానీ ఇంటింటికీ మురుగు పోయే దారి పెట్టుకున్నారు. నీ వీధికి ఇవాళ్టికీ ఆ యోగం లేదు.

ఒక్క ఇటుక కూడా కదిలించకు. రూలు ప్రకారం నేను పైకి చెప్పాలి. చెబితే నీ పని ఆపించేస్తారు. అత్తయ్య గోడవైపు తిరిగి ఏడ్చిందని చదివాక నోరు రావడం లేదు. సెలవు దొరకగానే వచ్చి, నా కళ్లతో చూశాకే చెబుతాను. ఆ బస్సు కొండంతా చుట్టి వచ్చేసరికి పూట గడిచిపోతుంది, లేకపోతే ఇవాళే వచ్చేదాన్ని.

ఇక్కడ తవ్వకాల్లో నా గుంతలో ఒక ఇటుకల తొట్టి తప్ప ఏమీ దొరకలేదు. పెద్దసారు దాని పక్కనే కుర్చీ వేసుకుని, తొట్టిని కాసేపు, నన్ను కాసేపు చూస్తున్నారు. ఇలాగే ఉంటే నన్ను పంపించేస్తారు.

బెంగతో,
మేనకోడలు

తా.క. తూముకు భుజాలుండవు మామయ్యా.

* * *

నన్ను నమ్మని మేనకోడలికి,

ఆశీస్సులు. నీ మాట అక్షరం పొల్లుపోకుండా పాటించాను. ఒక్క ఇటుక కదిలించలేదు. ఎక్కడివక్కడే ఉంచి చుట్టూ గోడలు లేపాను, అంతే. నీళ్లెటు పోతున్నాయని మాత్రం అడగకు. పోతున్నాయి.

అత్తయ్య ఇంటికొచ్చింది. కర్ర పట్టుకుని లోపలికెళ్లి, గడియ వేసుకుంది. ముందు చెంబు చప్పుడు వినబడింది, ఆ తర్వాత కూనిరాగం. పెళ్లయిన కొత్తలో విన్నాను ఆ రాగం. బయట కుర్చీలో కూర్చుని ఏడ్చేశాను, ఎవరితోనూ అనకు.

గర్వంతో,
మీ మామయ్య

తా.క. తలుపు కాస్త పొట్టిదైంది. లాగు అయితే అంచు విప్పి పొడవు చేసేవాణ్ణి.

* * *

మామయ్యా, మామయ్యా, మామయ్యా!

నీ ఉత్తరం అందింది, తీరిగ్గా చదువుతాను. ముందు నా మాట విను. నా తొట్టిలోకి నీళ్లొచ్చాయి! ఎండిపోయిన నేల, వాన చుక్క లేదు, అయినా పొద్దున్నే రాళ్ల సందులోంచి చల్లగా జారి వచ్చాయి. పైగా గులాబీ వాసన! పెద్దసారు దోసిట్లోకి తీసుకుని కళ్లకద్దుకున్నారు. ఇది పవిత్రస్నానాల కొలనట. నీళ్లు సూర్యోదయం తర్వాతే వస్తున్నాయి కాబట్టి వాళ్లు సూర్యుణ్ణి కొలిచేవాళ్లట. పేపరువాళ్లు కూడా వస్తున్నారు. నా ఉద్యోగానికి ఇక ఢోకా లేదు.

ఎగిరి గంతేస్తూ,
మేనకోడలు

తా.క. సారు ఒక సీసా నింపుకుని జేబులో పెట్టుకు తిరుగుతున్నారు.

* * *

పేపర్లోకెక్కబోతున్న మేనకోడలికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం వీధిలో అందరికీ చదివి వినిపించాను. వద్దన్నవాళ్లకు కూడా.

అత్తయ్యకు ఆ నీళ్ల మీద గురి కుదిరింది. ఒక సీసా పంపావంటే కాలికి రాసుకుంటుందట. పొద్దున్న చలిగా ఉంటోందని ఇప్పుడు సాయంత్రాలే స్నానం చేస్తోంది. ఆ గదిలోంచి ఒక పట్టాన బయటికి రాదు. నేను కూడా నా చొక్కాలు అక్కడే ఉతుక్కుంటున్నాను.

పొంగిపోతూ,
మీ మామయ్య

తా.క. పాత సబ్బు అయిపోయింది. కొత్తది నురగ బాగా వస్తోంది.

* * *

మామయ్యకు,

నమస్కారాలు పెట్టే ఓపిక లేదు.

మొన్నటి నుంచి నీళ్లు పొద్దున్న మానేసి సాయంత్రం వస్తున్నాయి. సారు సూర్యుణ్ణి కొట్టేసి చంద్రుణ్ణి రాసుకున్నారు. నిన్న నురగొచ్చింది. "పవిత్ర ఫేనం" అని రాసుకున్నారు. నురగ వెనకాలే ఒక చొక్కా గుండీ కొట్టుకొచ్చింది. దానికింకా దారముంది. గుండీ కింద దారాన్ని అలా అడ్డంగా బిగించేది ఎవరో నాకు తెలియదా? నా స్కూలు బట్టలన్నీ కుట్టింది నువ్వే కదా!

అప్పుడు కూర్చుని నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. బస్సు కొండ చుట్టూ తిరుగుతుంది కాబట్టి దూరమనుకున్నాం. నేరుగా చూస్తే మీ పెరడు నా గుంతకు సరిగ్గా ఎగువన ఉంది. ఆ తూము ఇంకా పనిచేస్తోంది మామయ్యా.

నోరు మూసుకుంటే నా ఉద్యోగం, అత్తయ్య గది, రెండూ ఉండేవి. కానీ తెలిసి తెలిసి జనానికి అబద్ధం చూపించలేకపోయాను. చెప్పేశాను. సారు జేబులోంచి సీసా తీసి, ఎక్కడ పారబొయ్యాలో తెలియక నా చేతికిచ్చారు. ఈ వారంలోనే వచ్చి గది మూయిస్తారు. అత్తయ్యకు ఆ మాట నువ్వే చెప్పు. నాకు ధైర్యం లేదు.

ఏడుస్తూ,
మేనకోడలు

తా.క. నేను పంపిన సీసాలో నీళ్లు అత్తయ్య కాలికి రాయకు. అవి ఆవిడవే.

* * *

బంగారుతల్లికి,

అత్తయ్య దీవెనలు. ఉత్తరాలు రాయడం మీ మామయ్య పని. ఆయన గోడ వెనక దాక్కున్నారు కాబట్టి ఇవాళ నేను రాస్తున్నాను.

మీ సారు తాళం తీసుకుని వచ్చారు. నేను లోపల గడియ పెట్టుకున్నాను. "అమ్మా, బయటికి రండి" అన్నారు. "వస్తే మళ్లీ లోపలికి పోనిస్తావా బాబూ?" అన్నాను. ఆయన అబద్ధం చెప్పలేదు, ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం నచ్చి తలుపు తీశాను.

తూము మొదలు చూడాలని ఆయన మూలనున్న మట్టి బ్రష్‌తో దులిపారు. మీ మామయ్య కదిలించకుండా వదిలేసిన మట్టే. దాని కింద పొట్టి ఇటుకల అరుగు ఒకటి బయటపడింది. ఇప్పటిదాకా ఏ ఇంట్లోనూ ఇలాంటిది చూడలేదన్నారు. పూజకోసమేమో అన్నారు. నాకు ఒంటికాలి మీద నిలబడే ఓపిక అయిపోయి, ఆయన వద్దనేలోగా దానిమీద కూలబడ్డాను.

నా ఎడమచెయ్యి తనంతట తానే పక్కనున్న ఇటుక మీద పడింది. అక్కడ గుంట ఉందే తల్లీ! పట్టుకుని పట్టుకుని అరిగిన గుంట. కట్టుకట్టిన కాలు తూము పక్కకు హాయిగా చాపుకోగలిగాను. మీ మామయ్య గోడ వెనకనుంచి వచ్చి, "నీకే కొలతలు తీసి కుట్టినట్టుంది" అన్నారు.

"లేవలేని ఆడమనిషి కోసం ఎవరో కట్టిచ్చారు బాబూ, ఒకరి చెయ్యి పట్టుకోకుండా తన స్నానం తను చేసుకోవాలని" అన్నాను. దానికి సాక్ష్యం లేదు కాబట్టి రాయలేనన్నారు. రాయకపోతే పోనీ. ఆ గుంటలో చెయ్యి పెట్టినదాన్ని, నాకు తెలుసు. ఆవిడెవరో, ఏ భాషలో ఏడ్చిందో తెలియదు. కానీ అంత ప్రేమగా చూసుకున్నవాడొకడు ఉన్నాడని తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది. సారు కూడా కళ్లద్దాలు తుడుచుకున్నారు.

తాళం వెనక్కి పట్టుకెళ్లారు. తూములోకి నీళ్లు పోకుండా వాళ్లే వేరే పైపు వేయిస్తారట. గది నాదే. పాత పట్నం కొండెక్కి మా ఇంటిదాకా ఉండేదని బయటపెట్టింది నువ్వేనని, నిన్ను ఎక్కడికీ పంపరట.

మీ మామయ్య ఇచ్చిన కుర్చీలో కూర్చుని రాస్తూ,
మీ అత్తయ్య

తా.క. అరుగు మీద ఎవరూ కూర్చోకూడదని సారు గట్టిగా చెప్పి వెళ్లారు. మీ మామయ్య దానికి మెత్త కుట్టారు. సారు వస్తున్నారంటే కుర్చీ మీద వేస్తాం.