సముద్రం కనిపించే చోటు

శ్రీవారికి,

మేమిద్దరం కులాసా. పనిమీద దూరాన ఉన్న మీరు ఫొటోలో చూసి మనసు పారేసుకున్న ఇంటిని అమ్మాయీ నేనూ మూడుసార్లు చూసి వచ్చాం. గది గదికీ టేపు పెట్టి కొలిచాను. గోడలకు చెమ్మ లేదు, బడి పది నిమిషాల నడక. ఈ దేశం వచ్చిన ఎనిమిది నెలల నుంచీ అద్దె ఇంటి కిటికీలోంచి పక్కవాళ్ళ గోడే చూస్తున్నాం కదా, మనకు ఇది నచ్చకపోవడమేమిటి?

ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పాలి. హాల్లోంచి సముద్రం కనబడదు, పడకగదుల్లోంచీ కనబడదు. "సముద్రం అన్నారు, ఏదండీ?" అని ఏజెంటును నిలదీశాను. ఆయన నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి సింకు ముందు నిలబెట్టాడు. నిజమే, అక్కడ కిటికీ నిండా నీళ్ళే. ఒక్క అడుగు పక్కకు జరిగితే ఎదురింటి పొగగొట్టం.

అమ్మాయి ఒకటే నవ్వు. "రోజూ సముద్రం చూస్తానన్నాడుగా నాన్న, ఇక అంట్లన్నీ ఆయనవే" అంది.

ఇల్లు కొనే కాగితాలు దీనితోనే పంపుతున్నాను. ఇంకొకళ్ళు కూడా అడుగుతున్నారు కాబట్టి ఇద్దరి సంతకాలతో శుక్రవారంలోగా ఏజెంటుకు చేరాలి. నేను సంతకం పెట్టేశాను. మీరు ఆలోచించుకుని పెట్టండి. ఆ సింకు నాకు నాలుగు అంగుళాలు ఎత్తెక్కువ. మీ పొడుగుకు సరిగ్గా సరిపోతుంది, కొలిచే రాస్తున్నాను.

మీ సంతకం కోసం ఎదురుచూస్తూ,
మీ ఇంటావిడ