ఏసోబు నోట నీ పాట

రత్తమ్మా,

క్షేమమా అని నిన్ను అడిగే పని లేదు. నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నేను బాగానే ఉన్నా.

మన పాలేరు ఏసోబుకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. పెళ్లాం మరియమ్మ పేరు కూడా పలకలేడు. నిన్న చూట్టానికి వెళ్తే మంచంలో పాడుతున్నాడు. మిరపకాయలు కోసేటప్పటి పాట, ఒక్క ముక్క తప్పకుండా.

"మాట రానోడికి పాటెట్టా వచ్చిందే?" అని మరియమ్మని అడిగా.

"నందిగామ డాక్టరు గారు చెప్పారయ్యా. మాటలుండేది మెదడులో ఎడం పక్కంట, అది దెబ్బతింది. పాట కుడిపక్కన కూడా ఉంటదంట, అది మిగిలింది. అమ్మగారు నేర్పిన పాటే కదా!"

నాకు ఒళ్లు మండింది. "నా పెళ్లాం పాడగా నేనెప్పుడూ వినలేదే?"

"మీరు గట్టు మీదుంటే మమ్మల్ని నోరెత్తనిచ్చారా? మీరు జగ్గయ్యపేట వెళ్లిన రోజే మా పాటలు." అని నవ్వింది కూడా.

నలభై ఏళ్లు కాపరం చేసింది నేను. నీ పాట దాచుకుంది వాడు. నా మెదడు రెండు పక్కలా వెతికా. "అన్నానికి లేవండి" అన్న నీ మాట తప్ప ఏమీ దొరకలేదు.

ఇవాళ మళ్లీ వెళ్లా. ఎవర్నీ ఏదీ అడగనోణ్ని, పాడరా అని అడిగా. పాడాడు. మెల్లగా మాటలు కూడా తిరిగొస్తాయంట. వస్తే, నేను లేనప్పుడు చేలో నువ్వు నన్ను ఏమేం తిట్టేదానివో వాడి చేత చెప్పించుకుంటా. ఆ తిట్లన్నా నావే కదా.