ఇద్దరికైతేనే పులుసు

మొక్‌పో, ఆదివారం

అమ్మకు నమస్కారాలు. నేనిక్కడ ఒంటరిగా, సగం కడుపుతో తింటున్నానని దిగులుపడకు. నిన్న మా వీధి చివరి చిన్న హోటల్లో చేపల పులుసు అడిగాను. హోటలు నడిపే ఓక్‌బున్ పిన్ని, "ఒక్కదానికోసం కుండ పెట్టను, ఇద్దరైతేనే పులుసు" అంది. నేను లేవబోతుంటే, మూల బల్ల దగ్గర వట్టి అన్నం కెలుకుతున్న ముసలావిడను కేకేసింది. "మల్సుక్ అవ్వా, ఈ పిల్లతో కూర్చో. తాత పోయాక నువ్వూ పులుసు మొహం చూడలేదుగా!"

కుండ మా ముందు కుతకుత ఉడుకుతుంటే అవ్వ చేప తలకాయ తీసి నా గిన్నెలో వేసింది. "ఇన్నేళ్లూ మా ఆయనే మింగేవాడు. ఇవాళ నువ్వు తిను" అని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత ఇద్దరం పోటీపడి తిని, కుండ అడుగు గీకాం. ఊరికే ఇచ్చే కిమ్చి పచ్చడి మళ్లీ మళ్లీ వడ్డించలేక పిన్ని, "మీ ఇద్దర్నీ కలిపి నా దుకాణం ముంచుకున్నానే!" అని మొత్తుకుంది. ఇకపై ప్రతి శనివారం ఇద్దరం కలిసే తింటాం.

నాన్న పడవకు రంగు వేయడం అయిందా? తమ్ముడి దగ్గు తగ్గిందా? ఎండు నెత్తళ్లు పంపేటప్పుడు రెండు పొట్లాలు కట్టు. అవ్వ పళ్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

నాన్నకు నమస్కారాలు, తమ్ముడికి ముద్దులు.

నీ గుమ్‌హి