చీమ పట్టని గోలీలు

రాఘవా, లేవంగనే కొత్త తీపి గోలీల సంచి ముట్టుకోకు. మిషన్లలో అవి నింపొద్దు. అన్నం కుక్కర్‌లో ఉంది.

పాత సరుకు కిలో మూడు వందలు. కిలోకు యాభై గుప్పెళ్లు, అంటే గుప్పెడుకు ఆరు రూపాయల ఖర్చు. గుప్పెడు గోలీలకు పిల్లలు మిషన్‌లో వేసే పది రూపాయల్లో, మిషన్ పెట్టుకోనిచ్చిన షాపాయనకు రెండు పోతే మనకు రెండే మిగిలేవి. ఈ సరుకు కిలో వందే, ఇప్పుడు ఆరు మిగులుతయని నిన్న తెగ సంబరపడ్డవ్. "అమ్మా, నీకు ప్రతిదానికీ పరేషానే" అన్నవ్. అంత సస్తాగా ఇస్తున్నడంటే అందులో ఏం కలిపిండో హోల్‌సేలాయనను అడిగినవా బిడ్డా?

సంచి మూతి కట్టకుండనే పడుకున్నవ్. పొద్దున చూస్తే పక్కన చక్కెర డబ్బా నిండా చీమలే. గోలీల మీద ఒక్కటి లేదు. సంచి దాకా వచ్చి చుట్టూ తిరిగి పోతున్నయి.

నారాయణగూడ ట్యూషన్ ముందున్న మిషన్‌లో నిన్న నింపినవి ఇవే కదా. పిల్లలు బయటికి వచ్చేలోపు దానికి తాళం వేయడానికి పోతున్న.

నా మాట నువ్వు నమ్మవని నేనే నాలుగు తిని చూసిన. నాలుక ఇంకా తిమ్మిరిగనే ఉంది.

అమ్మ

పది దాటినా రాకపోతే ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే ముందు నన్ను వెతకకు. తాళం పడిందో లేదో చూడు.