ముళ్ల పొదకు కట్టిన తెల్ల డబ్బ

21 జూన్ 2024, శుక్రవారం.
పొద్దటి నుంచి ఇసుక గాలి. మేకల తొట్లు కడిగి నీళ్లు నింపిన.

చెల్లె గ్రేస్‌కు సౌదీ నుంచి నీ అన్న సీమోను వందనాలు. ప్రభువు నిన్నూ, బిడ్డ క్యాథరిన్‌నూ తన రెక్కల కింద దాచాలని ప్రార్థిస్తున్న. ఫోన్‌ల చెప్పలేక రాస్తున్న. నా గదిల ఉండే కరీంనగర్ శ్రీహరి సెలవు మీద వస్తుండు, అతని చేతికి ఇస్తున్న.

మీ ఆయన, మా ఎబినేజర్ బావ, తప్పిపోయిన మేకల కోసం ఎడారిలకు పోయి తిరిగి రాలేదని చెప్పిన గదా. నేనూ శ్రీహరీ వెతుక్కుంట నడిచినం. ఒక ముళ్ల పొదకు ఏదో వేలాడుతున్నది. అరచేతిల పట్టే తెల్ల డబ్బ. దానికి తోక లాంటి తీగ, పొడుగు దారం, కొసకు పగిలిన రబ్బరు బుడగ. చిన్న బల్బు ఉన్నది, ఆరిపోయింది. ముట్టకు అన్నా, బాంబైతే మీ చెల్లెకు నేనేం జవాబు చెప్పాలె అని శ్రీహరి దూరం ఉరికిండు. నాకు డబ్బ కంటే ముందు దాన్ని కట్టిన పీలిక కనపడ్డది. బావ తువ్వాలది.

మా కంపెనీ ఇంజనీరును అడిగిన. వాతావరణం వాళ్లు బుడగకు కట్టి పైకి వదులుతరట. మీద వేడెంత, గాలెంత అని చెప్పుకుంట పోతదట. బుడగ పగిలితే పడిపోతదట. పడ్డదాని కోసం ఎవరూ రారట. దొరికినోళ్లు పారేయొచ్చని దాని మీదనే ఇంగ్లీషుల, అరబ్బీల రాసున్నది. బావకు తెలుగు తప్ప రాదు.

నీకు యాదికున్నదా? మన ఆసిఫాబాద్ అడవిల చెట్లకు పులి కెమెరాలు కడతరు. బావ కట్టెలకు పోయి ఒకటి విప్పి చూస్తే, పొద్దుగూకకముందే అడవి సార్ల జీపు మీ ఇంటి ముందు ఆగింది. అప్పటి నుంచి బావది ఒకటే మాట, సర్కారు డబ్బ ఎక్కడున్నా దాని వెనక మనిషి వస్తడని. పులికి భయపడవు గని డబ్బకు భయపడతవా అని నువ్వు ఎక్కిరించేదానివి.

ధైర్యంగ ఉండు. బిడ్డను దగ్గర పండబెట్టుకో.

నీ మేలు కోరే అన్న,
సీమోను

తా.క. పైన రాసిందంతా నిజమే. పొద అవతల దిక్కు ఏమున్నదో రాయలే. బావ అక్కడనే ఉండె చెల్లె, ఆ కొంచెం నీడల కూసోని. ప్రాణం పోయింది. పక్కనున్న ఇసుక దిబ్బ ఎక్కితే రోడ్డు మీద పోయే లారీలు కనపడతయి. నడవలేక కాదు. బల్బు వెలుగుతుంటే చూసి, డబ్బ కోసం ఎవరో ఒకరు వస్తరని కూసున్నడు.

శవపేటిక ఎప్పుడు పంపుతరో ఇంకా చెప్పలే. బావ బట్టలు మడత పెట్టిన. చెప్పులకు అంటిన ఇసుక దులిపి, బట్టల పక్కనే పెట్టిన.