చందమామ కంటే ముందు దొరికింది

ఏవండీ, నేను డ్యూటీకి వెళ్తున్నాను. సాయంత్రం పాపని తీసుకెళ్లి టెలిస్కోపు కొనండి. డబ్బా మీద ఎన్ని వందల రెట్లని రాసున్నా పడిపోకండి, అదంతా పైన పటారం లోన లొటారం. ముందున్న అద్దం వెడల్పుగా ఉండాలి, స్టాండు వేలితో తడితే ఊగకూడదు. ఇంటికొచ్చాక ముందు పాపని చూడనివ్వండి. దాని సైకిలు మీరే తొక్కి వంకర చేసిన సంగతి నేనింకా మర్చిపోలేదు.

అన్నట్టు, నిన్న పక్కింటి మాస్టారి టెలిస్కోపులో పాప చందమామని వెతుకుతుంటే సందు చివరి కొట్టు దొరికింది. ఆ టెలిస్కోపులో అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి కదా, మీరూ అలాగే కనిపించారు, చేతిలో సిగరెట్టుతో. నా మీద వేసిన ఒట్టు తీసి గట్టున పెట్టేశారన్నమాట! "అమ్మా, నాన్న నోట్లోంచి పొగ కిందికెందుకు పోతోంది?" అని అడిగింది పాప. జవాబు మీరే చెప్పండి, నేనూ వింటాను.